తడి మీద నిలిచే బంక

చెయ్యి విరిగిన మట్టి బొమ్మను తుమ్మబంకతో అతికించి పిల్లల ఏడుపు మాన్పించని ఇల్లాలు ఉండదు. అతికించే ముందు మనం చేసే మొదటి పని ఏమిటి? విరిగిన చోటును పొడిబట్టతో శుభ్రంగా తుడవడం. తడి ఉంటే బంక పట్టదని మనకు ఏ శాస్త్రజ్ఞుడూ వచ్చి చెప్పక్కర్లేదు.

వైద్యులకు తరతరాలుగా వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. మనిషి శరీరంలో పొడిగా ఉండే చోటంటూ ఎక్కడుంది? మోచెయ్యి కాస్త గీరుకుంటే చాలు, నీరూరుతుంది. నోరు తడి, పేగు తడి, కన్ను తడి. కుట్టవచ్చు, కట్టు కట్టవచ్చు. సుశ్రుతుడైతే చిల్లు పడ్డ పేగు అంచుల్ని దగ్గర చేర్చి, పెద్ద నల్లచీమల చేత కరిపించి, చీమ మొండేన్ని తుంచేసి తల మాత్రం అక్కడే ఉంచెయ్యమన్నాడు. అదీ ఒక రకం కుట్టే. కాని బంక రాసి అతికించడం మాత్రం చాలాకాలం దాకా ఎవరికీ చేతకాలేదు.

ఈ చిక్కుముడి ఒక కొస వీడింది ఏ మహానగరపు రసాయనశాలలోనో తయారైన పదార్థంతో కాదు, మన అడవి చెట్టు బంకతో అంటే చాలామంది నమ్మరు. నస్పూర్‌లో ఉండే మనకు కంటి ముందు కనిపించేవి శ్రీరాంపూర్ బొగ్గుగనులే గాని, మంచిర్యాల, లక్షెట్టిపేట దాటి జన్నారం దారి పట్టామంటే కవ్వాల్ అడవి మొదలవుతుంది. ఈ ప్రాంతపు రాతి గుట్టల మీద, టేకుకు కూడా చాలినంత మట్టి లేని చోట, తపసి చెట్టు బతుకుతుంది. చలికాలంలో ఆకంతా రాల్చేసి, నున్నని తెల్లటి మానుతో ఎండాకాలం పొడుగునా దిగంబరంగా నిలబడి ఉంటుంది. వెన్నెల రాత్రి దూరం నుంచి చూస్తే ఎవరో ఒంటికాలి మీద నిలుచున్నట్టే ఉంటుంది. తపసి అన్న పేరు అందుకే వచ్చిందేమోనని నా ఊహ. కొన్నిచోట్ల దీన్నే కోవెల చెట్టు అంటారు. హిందీవాళ్ళు కరాయ అంటారు. ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయింది ఆ పేరునే.

ఈ చెట్టు శాస్త్రగ్రంథాలకెక్కింది కూడా తెలుగుదేశం నుంచే. సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉంటూ మొక్కల పిచ్చిలో పడిన విలియం రాక్స్‌బర్గ్, మన చిత్రకారుల చేత కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలతో లండన్‌లో 1795లో మొదలైన పుస్తకంలో తపసి చెట్టుకు స్టెర్క్యూలియా యూరెన్స్ అని పేరు పెట్టాడు. యూరెన్స్ అంటే దురద పెట్టేది, మంట పుట్టించేది. ఆ పేరు బంకను చూసి పెట్టింది కాదు. దీని కాయ ఎర్రగా, ముఖమల్ గుడ్డ కప్పినట్టు, అయిదు రేకుల నక్షత్రంలా చూడముచ్చటగా ఉంటుంది గాని ముట్టుకున్నారో, నూగు గుచ్చుకుని దూలగొండి తగిలినంత పని అవుతుంది. అయినా లోపలి గింజల్ని వేయించుకు తినడం గూడేలవాళ్ళకు తెలుసు.

ఇక బంక సంగతి. తపసి మాను మీద గాటు పెడితే వెంటనే ఊరడం మొదలై, మొదటి రోజే ఎక్కువగా కారి, తర్వాత కొద్దిరోజుల పాటు కొంచెం కొంచెంగా వచ్చి గడ్డకడుతుంది. ఎండలు మండేకొద్దీ మంచి బంక వస్తుంది. తెల్లగా, బెరడు ముక్కలు లేకుండా ఉన్నది మొదటి రకం. చూడడానికి తుమ్మబంకలాగే ఉన్నా గుణంలో మాత్రం పూర్తిగా వేరు. తుమ్మబంక నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. తపసి బంక కరగదు, నీళ్ళు తాగుతుంది. తాగి తాగి 60 నుంచి 100 రెట్ల దాకా ఉబ్బి, సగ్గుబియ్యం జావలా జిగటగా తయారవుతుంది. డబ్బా మూత తీస్తే సిర్కా వాసన కొడుతుంది. ఈ బంక కొన్ని రకాల చక్కెరలు వేలసంఖ్యలో దండ గుచ్చినట్టు చేరి ఏర్పడిన పెద్ద అణువు. ఆ దండకు అక్కడక్కడా అతుక్కున్న ఆమ్లం కొద్దికొద్దిగా ఊడి బయటపడుతుంటుంది, ఆ వాసన దానిదే.

నీళ్ళు తాగే ఈ గుణమే దాని అదృష్టం. తడి తగిలితే మామూలు బంక జారిపోతుంది. ఇదేమో ఆ తడినే పీల్చుకుని, ఆ తడితోనే జిగట తెచ్చుకుని అంటుకుంటుంది. శత్రువు ఇంటి బియ్యంతోనే విందు చేసినట్టు!

మొదట్లో దీనికి విదేశాల్లో గౌరవం లేదు. అప్పట్లో మందులవాళ్ళు, మిఠాయిలవాళ్ళు వాడే ఖరీదైన బంక ట్రాగకాంత్. అది పర్షియా వైపు నుంచి వచ్చేది. వ్యాపారులు దానిలో తపసి బంకను కల్తీగా కలిపేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆ కల్తీ సరుకే తన సొంత పేరు మీద అమ్ముడుపోసాగింది. మలబద్ధకానికి మందుగా, జుట్టు వంకీలు నిలిపే ద్రావకంగా, కట్టుడు పళ్ళ సెట్టు చిగుళ్ళకు పట్టి ఉండడానికి చల్లుకునే పొడిగా వాడారు. ఈ చివరిది గమనించండి. నోరంత తడి చోటు మరొకటి ఉందా? అక్కడ పట్టిన బంక ఇంకెక్కడైనా పడుతుంది.

ఇంకెక్కడ అన్నది 1950ల మొదట్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో తేలింది. అక్కడికి వెళ్ళే ముందు, మన ఇళ్ళల్లో ఎవరూ పైకి చెప్పుకోని ఒక సంగతి చెప్పుకోవాలి. పెద్దపేగు పుండుపడి గాని, క్యాన్సర్ వచ్చి గాని దాన్ని తీసెయ్యవలసి వచ్చినప్పుడు, డాక్టర్లు చిన్నపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, అక్కడ చిన్న నోరులాంటి ద్వారం ఏర్పాటు చేస్తారు. దాన్ని స్టోమా అంటారు. గ్రీకులో ఆ మాటకు నోరనే అర్థం. మలం ఇక ఆ దారినే, మనిషి ప్రమేయం లేకుండా వస్తుంది. చిన్నపేగు నుంచి వచ్చేది పలచగా ఉంటుంది, దానిలో మనం తిన్నది అరిగించే రసాలుంటాయి. అన్నాన్ని అరిగించే రసం చర్మాన్ని ఊరుకుంటుందా? చుట్టూ పచ్చిపుండు చేసి పెడుతుంది. ఆపరేషన్ ప్రాణం నిలిపేది గాని, ఆ తర్వాత మనిషి నలుగురిలో కూర్చునే యోగం ఉండేది కాదు.

షికాగోలో కోనిగ్ అన్న రోగి తనకోసం రూపొందించుకున్న రబ్బరు సంచి ఒకటి 1940లలో వాడుకలోకి వచ్చింది. దాన్ని రబ్బరు జిగురుతో పొట్టకు అంటించుకోవాలి. చర్మం బాగుంటే అంటుకునేది. పుండు పడితే అంటుకోదు. అంటుకోకపోతే కారుతుంది, కారితే పుండు ఇంకా పెరుగుతుంది. ఈ గుండ్రపు గొలుసులో చిక్కుకుని ఎందరో గది తలుపులు వేసుకుని బతికారు. 1952లో ఇంగ్లండులో బ్రయన్ బ్రూక్ అనే సర్జన్ పేగు కొసను కుర్తా చెయ్యి మడిచినట్టు వెనక్కి మడిచి కుట్టే పద్ధతి చెప్పాడు. దానితో ద్వారం చిన్న మొటికలా పైకి నిలిచి, వచ్చేది సంచిలోకి పడడం తేలికైంది. కాని సంచి నిలవాలి కదా!

క్లీవ్‌లాండ్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ పళ్ళ సెట్టుకు వాడే ఈ తపసి బంక పొడిని పుండుపడిన చర్మం మీద చల్లి చూశాడు. పుండు నుంచి ఊరే నీటిని పొడి పీల్చుకుంది, జిగట కట్టింది, చర్మానికీ సంచికీ మధ్య మెత్తని పొరలా నిలిచింది. దాని కింద చర్మం మానసాగింది. ఇన్నాళ్ళూ ఏ తడి వల్ల జిగురు ఊడిపోయిందో, ఇప్పుడా తడే జిగురైంది. 1960లలో హోలిస్టర్ వంటి కంపెనీలు ఈ బంకతో మెత్తటి రింగులు చేసి సంచులకే బిగించి అమ్మసాగాయి.

టర్న్‌బుల్ దగ్గరికి 1954లో నార్మా గిల్ అనే ఆవిడ వచ్చింది. ఓహయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊరు ఆవిడది. పిల్లల తల్లి. పెద్దపేగు జబ్బుతో ఏళ్ళ తరబడి తీసుకుని, ఒంటి మీద పుళ్ళు పడి, చివరికి ఈ ఆపరేషనే చేయించుకుంది. బాగయ్యాక ఇంట్లో కూర్చోలేదు. తనలాంటి రోగుల దగ్గరికి వెళ్ళి సంచి ఎలా కట్టుకోవాలో, చర్మం ఎలా కాపాడుకోవాలో, చీర — అదే, వాళ్ళ గౌను — ఎలా వేసుకుంటే పైకి తెలియదో చెప్పసాగింది. నర్సు చదువు చదివిన మనిషి కాదు. అయినా 1958లో టర్న్‌బుల్ ఆవిడను తన ఆసుపత్రిలో ఉద్యోగంలోకే తీసుకున్నాడు. 1961లో ఇద్దరూ కలిసి ఈ సేవ నేర్పే బడి పెట్టారు. ఈ పనినే వృత్తిగా చేసుకున్న నర్సులు తర్వాతి కాలంలో దేశదేశాల్లో తయారయ్యారు. వాళ్ళందరినీ కలిపే అంతర్జాతీయ సంఘం 1978లో ఏర్పడింది, అందులోనూ ఆవిడ చెయ్యి ఉంది. సర్జన్‌కు కత్తి తెలుసు. రాత్రి రెండు గంటలకు పక్కబట్టలు తడిసిపోతే మనిషి మనసు ఏమవుతుందో నార్మాకు తెలుసు. రెండో విద్య లేకుండా మొదటి విద్యకు విలువ తక్కువే అనిపిస్తుంది నాకు.

అదే కాలంలో డెన్మార్క్‌లో ఒక అక్కాచెల్లెళ్ళ కథ జరిగింది. థోరా అనే ఆమెకు ఈ ఆపరేషన్ జరిగింది. సంచి ఎక్కడ కారుతుందో, వాసన ఎక్కడ బయటపడుతుందోనని ఆమె ఇల్లు కదలడం మానేసింది. తోబుట్టువు ఎలీసె సోరెన్‌సెన్ నర్సు. పారేయడానికి వీలైన పల్చటి ప్లాస్టిక్ సంచికి అంటుకునే పట్టీ వేస్తే బాగుంటుందని ఆలోచించి, 1954లో పేటెంటుకు పెట్టింది. లూయీ హాన్సెన్ అనే ప్లాస్టిక్ తయారీదారు దగ్గరికి వెళితే మొదట ఆయనకు రుచించలేదు. ఆయన భార్య యొహాన్నె కూడా నర్సు చదువు చదివిందే. ఆవిడ పట్టుబట్టడంతో ఒప్పుకున్నాడు. అలా 1957లో పుట్టిన కంపెనీ కోలోప్లాస్ట్. ఆ సంచుల జిగురు వేరు, తపసి బంక కాదు. కాని ఈ చరిత్రలో ఆడవాళ్ళ పట్టుదల ఎంత పనిచేసిందో చూపడానికి చెప్పాను.

క్లీవ్‌లాండ్ డబ్బాలోని పొడి ఏ గుట్ట మీద చెట్టుదో ఎవరు చెప్పగలరు? కాని కరాయ బంక అమెరికాకు ప్రధానంగా వెళ్ళింది మన దేశం నుంచే. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఆంధ్ర, తెలంగాణ కొండల్లో గిరిజనులు ఏరిన సరుకు బొంబాయి చేరి ఓడ ఎక్కేది. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాములు, నాయకపోడులు ఏరే అటవీ సరుకుల్లో ఇదీ ఒకటి. ఇలా ఏరే సరుకులను కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో వీటిని ప్రైవేటు వ్యాపారులు కొనకుండా ఆ సంస్థకే హక్కునిస్తూ 1979లో చట్టం వచ్చింది. టర్న్‌బుల్ పేరు వైద్య గ్రంథాల్లో ఉంది. మండుటెండలో గుట్ట ఎక్కి బంక గీకినవాడి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు, అది లోకరీతి.

చెట్టుకు మాత్రం ఈ కీర్తి చేటే తెచ్చింది. బంకకు గిరాకీ పెరిగేసరికి గొడ్డలి పెట్టి లోతుగా, వెడల్పుగా మాను చెక్కెయ్యడం మొదలైంది. ఆ ఏటికి బంక బాగానే కారుతుంది. నాలుగేళ్ళు అలా చెక్కితే చెట్టు చీడపట్టి ఎండిపోతుంది. మనిషి పుండు మాన్పడానికి చెట్టుకు మానని పుండు పెట్టడమన్నమాట. ఆకలిగా ఉన్నవాడికి ఈ ఏడాది బంక ముఖ్యం గాని పదేళ్ళ తర్వాతి చెట్టు కాదు, వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. 1990లలో విశాఖపట్నంలో బంక ఏరే గిరిజనుల కోసమే కోవెల్ ఫౌండేషన్ అనే సంస్థ ఏర్పడింది. పేరు ఈ చెట్టుదే. గొడ్డలికి బదులు చిన్న కత్తితో, పైపైనే చిన్న గాట్లు పెట్టడం, కారిన బంకను మట్టి అంటకుండా శుభ్రంగా పట్టడం వాళ్ళు నేర్పారు. గాటు చిన్నదైతే చెట్టు తన గాయాన్ని తానే పూడ్చుకుంటుంది. శుభ్రమైన బంకకు ధర కూడా ఎక్కువ పలుకుతుంది.

తపసి బంకకు లోపాలూ ఉన్నాయి. నీరు మరీ ఎక్కువైతే జావగా మారి జారిపోతుంది. పచ్చిపుండు మీద వేస్తే ఆ సిర్కా గుణం వల్ల చురుక్కుమంటుంది. అందుకే 1970లలో దాని స్థానంలోకి మరో మిశ్రమం వచ్చింది. దానిలో ఏమున్నాయనుకున్నారు? జామ్ గడ్డకట్టడానికి సాయపడే పెక్టిన్, పశువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీసే జెలాటిన్, దూది, కలప నుంచి వచ్చే సెల్యులోజును కాస్త మార్చి చేసిన పొడి. వీటికి రబ్బరులాంటి జిగురు తోడు చేశారు. పేర్లు కొత్తవి గాని కిటుకు తపసి చెట్టుదే. తడిని తాగు, తాగి అంటుకో. ఇవాళ మందుల షాపుల్లో దొరికే స్టోమా సంచుల పట్టీల్లో ఎక్కువ భాగం ఈ జాతివే.

ఇదంతా చర్మం పైన. మరి ఒంటి లోపల? అక్కడ మన శరీరమే తయారుచేసుకునే బంక ఒకటుంది. వేలు తెగితే నెత్తురు గడ్డకడుతుంది కదా, ఆ గడ్డకు వలలా పనిచేసేది ఫైబ్రిన్ అనే మాంసకృత్తు. దాన్ని పొడిచేసి నెత్తురు ఆపడానికి వాడవచ్చని బెర్గెల్ అనే వైద్యుడు 1909లోనే చూపాడు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, కాలిన గాయాల మీద కొత్త చర్మం అతికించడానికి ప్రయత్నించారు గాని పట్టు చాలలేదు. చారు పల్చనైతే అన్నానికి పట్టనట్టే, ఆ ద్రావకం పల్చన. 1972లో వియన్నాలో హెలెన్ మాట్రాస్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు చిక్కటి ద్రావకం తయారుచేసి తెగిన నరాన్ని అతికించారు. అప్పుడు గాని దారి తెరుచుకోలేదు. ఎందరెందరి నెత్తురో కలిపి తీసిన పదార్థం కనుక కామెర్ల భయం ఉండేది. ఆ క్రిముల్ని చంపే పద్ధతులు కుదిరాక, 1998లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. రెండు సీసాల్లో రెండు ద్రావకాలు ఉంటాయి. కలిపిన క్షణాల్లో గడ్డకడతాయి, కొద్దిరోజుల్లో శరీరమే దాన్ని కరిగించేసుకుంటుంది. కుట్లు విప్పే పని లేదు.

ఈ రక్తపు బంక మన హైదరాబాదులో చేసిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. తమలపాకులోకి, పొగాకులోకి సున్నం ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్ముతున్నారు. పెద్దవాళ్ళు వాటిని గూట్లో పెడతారు, పిల్లలు తీసి నొక్కుతారు, అది చిట్లి కంట్లో పడుతుంది. సున్నం క్షారం, కంటిని కాల్చేస్తుంది. అలాంటప్పుడు ఆలోచించకుండా కంటి నిండా మంచినీళ్ళు పోస్తూనే ఉండాలి, అరగంట దాకా ఆపకూడదు, రెప్పల కింద ఇరుక్కున్న సున్నపు నలుసులు పోవాలి. ఆ పైన కళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పాలు, నెయ్యి, ఆకు పసర్లు పొయ్యకండి.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు మీద మూలకణాలుంటాయి. నల్లగుడ్డు పైపొరను జీవితాంతం పునరుద్ధరించేవి అవే. సున్నానికి అవి చచ్చిపోతే కన్ను తెల్లబారిపోతుంది. చలనచిత్ర దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన విరాళంతో, గుల్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన కంటి ఆసుపత్రి హైదరాబాదులో ఉంది కదా, అక్కడ మొదట్లో బాగున్న రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో రోజుల తరబడి కణాలు పెంచి, కాలిన కంటికి మార్చేవాళ్ళు. ఖర్చు ఎక్కువ, అంత ప్రయోగశాల అన్ని ఊళ్ళల్లో ఉండదు. 2012లో వీరేందర్ సంగ్వాన్, ఆయన బృందం తేలిక పద్ధతి ప్రకటించారు. రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని మళ్ళీ ఎనిమిదో పదో తునకలు చేసి, నారుమడిలో నారు నాటినట్టు కాలిన కంటి మీదే నాటడం. పెరగడానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఆ కన్నే మడి. నారు నిలబడడానికి మాత్రం కింద పొర కావాలి, జారకుండా బంక కావాలి. పొరేమో కాన్పులో బిడ్డతోపాటు వచ్చే మాయ పొర, ఏ తల్లో దానం చేసింది. బంకేమో ఫైబ్రిన్, ఎవరెవరి నెత్తురు నుంచో తీసింది. వాటి మీద ఆ తునకలు కళ్ళకు కనిపించనంత చిన్న మొలకలు వేసి, కొద్దివారాల్లో నల్లగుడ్డంతా పరుచుకుంటాయి.